సగం సూర్యుడు

“‘ఉదయం’ అని ఇంతేసి అక్షరాలతో అచ్చేసి ఉంది కదరా. మరి అమ్మ దీన్ని సాయంత్రం ఎందుకు మింగినట్టు?”

ఆడపడుచు ఖాళీ మందుల కవరుని భోజనాల బల్ల మీద పెట్టి అరచేత్తో రుద్ది రుద్ది చదును చేస్తోంది. తల్లి పడిపోయిందన్న కబురు వినగానే కుట్టుమిషను కింద గుడ్డ అలాగే వదిలేసి పరుగెత్తుకొచ్చిన మనిషి. వచ్చినప్పటి నుంచి ఈ ఇంట్లో ఒక్క గిన్నె కూడా చప్పుడు లేకుండా కింద దిగలేదు. మనసు మంచిదే, నోటికే గడియ లేదు.

బల్లకి అవతల ఆమె తమ్ముడు మాస్టారు తలవంచుకుని కూర్చున్నారు. కోపమొచ్చినా దుఃఖమొచ్చినా ఆయనకి తెలిసిన మందు ఒకటే, లేచి వెళ్ళి చేతులు కడుక్కోవడం. ఏళ్ళ తరబడి బళ్ళో సుద్దముక్కలు పట్టుకున్న చేతులు మరి. ఆ మధ్యాహ్నం నుంచి కడిగి కడిగి వేళ్ళు ముడతలు పడిపోయాయి.

కోడలు వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆ కవరు మీద బొమ్మలు ఆమె గీసినవే. నేల గీత మీద సగం సూర్యుడు ఉంటే ఉదయం. నడినెత్తిన నిండు సూర్యుడైతే మధ్యాహ్నం. చంద్రుడైతే రాత్రి. బొమ్మ కింద మాట. ఊళ్ళో పెద్దాసుపత్రి మందుల కిటికీలో ఇప్పుడు ఎవరికి ఏ మాత్ర ఇచ్చినా ఈ కవర్లలోనే వేసి ఇస్తున్నారు.

అత్తగారికి ఒంట్లో నీరు తీసే మాత్ర రాశారు. అది పొద్దున వేసుకోవలసింది. ఆవిడ సాయంత్రాలు వేసుకుంటూ వచ్చింది. సాయంత్రం వేసుకుంటే రాత్రంతా బాత్రూముకి తిరగాల్సిందే. అలా తిరుగుతూ చీకట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషనైంది, ఇంటికి తెచ్చారు, పడమటి గదిలో పడుకోబెట్టారు. ఇక సాయం లేనిదే అడుగు వేయలేదని డాక్టర్లు తేల్చేశారు.

పోయిన వారం దాకా ఈ పాపమంతా కోడలి నెత్తి మీదే ఉండేది. నీ బొమ్మలే మా అమ్మని మంచాన పడేశాయని ఆడపడుచు వీధి గుమ్మంలో నిలబడి అన్న మాటలు పక్కింటివాళ్ళకి కూడా కంఠతా వచ్చేశాయి. ఇప్పుడు గాలి అత్తగారి మీదికి మళ్ళింది. మళ్ళించింది మాస్టారే.

“బొమ్మదేం తప్పుందక్కా?” అన్నారాయన గొంతు సవరించుకుని. “బొమ్మ అర్థం కాకపోతే కింద మాట ఉంది. అమ్మకి చదువొచ్చు కదా. చదివి కూడా సాయంత్రం వేసుకుందంటే…”

మిగతా సగం ఆయన అనలేకపోయారు. అక్కగారు అందుకుంది. అమ్మకి మతి జారిపోతోందని, అది ఇవాళ మొదలైంది కాదని చెప్పింది. కళ్ళజోడు ఎప్పుడు చూసినా ఎక్కడో పెట్టి మర్చిపోతుంది. కరెంటు బిల్లు చేతికిస్తే నువ్వే చూడు అని తిప్పి ఇచ్చేస్తుంది. మొన్నామధ్య కూతురింటికి బయల్దేరి వేరే బస్సెక్కి ఎక్కడో తేలింది. ఇవన్నీ కళ్ళెదుట జరుగుతున్నా మనమే పోల్చుకోలేదురా అని ముక్కు చీదింది.

ఆ కళ్ళజోడు మర్చిపోవడాలూ, ఆ బిల్లు తిప్పి ఇవ్వడాలూ మతిమరుపు కాదని ఆ ఇంట్లో తెలిసినది కోడలికొక్కదానికే. అత్తగారికి చదవడం రాదు. ఒక్క అక్షరం కూడా రాదు. ఆ సంగతి బయటపడకుండా ఆవిడ బతుకంతా పడ్డ పాట్లన్నీ ఇప్పుడు మతిమరుపు ఖాతాలో వేసేస్తున్నారు.

ఊరి చివర ఒక ఆశ్రమం ఉందట. మతి తప్పిన పెద్దవాళ్ళని మాత్రమే చేర్చుకుంటారట. పక్కలు శుభ్రంగా ఉంటాయట, ఎత్తి కూర్చోబెట్టడానికి ఆయాలు ఉన్నారట. ఆడపడుచు అన్నీ కనుక్కునే వచ్చింది. కావలసిందల్లా మతి సరిగా లేదని డాక్టరు రాసిచ్చే కాగితం. మీరిద్దరూ పొద్దున పోతే సాయంత్రం వస్తారు, నేను మిషను మూసుకుని ఎన్నాళ్ళు ఉండగలను అంది. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. బుర్ర బాగుంటే ఒక ఆయాని పెట్టుకుని ఇంట్లోనే చూసుకునేవాళ్ళం, ఏం అడుగుతోందో ఏం మింగుతోందో తనకే తెలియని మనిషిని ఆయా మీద ఎలా వదిలేస్తాం అని కూడా అంది. అందుకని రేపు పొద్దున డాక్టరమ్మని ఇంటికే రమ్మన్నారు.

“నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చదివించిన మనిషక్కా,” అన్నారు మాస్టారు.

బళ్ళో ఏ సభ జరిగినా ఆయన మొదలుపెట్టే మాట అదే. నా మొదటి పంతులమ్మ మా అమ్మ అని. కళ్ళు తుడుచుకుని భార్య వైపు తిరిగారు.

“నువ్వు మనసులో ఏమీ పెట్టుకోకు. నీ తప్పు లేదని తేలిపోయిందిగా.”

దానికంటే చెంప మీద ఒక్కటిచ్చినా ఆమె ఓర్చుకునేది.

*

కోడలు టీ పట్టుకుని వెళ్ళేసరికి పడమటి గది నిండా ఎండ పరుచుకుని ఉంది. అత్తగారు మేలుకునే ఉంది.

“గుసగుసలయ్యాయా?” అంది. “మీ వదిన గుసగుస వీధి చివరిదాకా వినపడుతుంది. నన్నెక్కడికో పంపిస్తారటగా.”

కోడలు దిండు ఎత్తు చేసి, చెంచాతో టీ పట్టింది. రెండు గుక్కలు తాగి చాలంది ఆవిడ. పంచదార ఎక్కువేశావని వంక పెట్టింది. మతి పోయిన మనిషైతే పంచదార లెక్క ఎవరు చెప్తారని కోడలికి నవ్వు రాబోయి ఏడుపొచ్చింది.

కాపురానికొచ్చిన కొత్తలో ఒకరోజు కోడలు అత్తగారి మందుల అర సర్దింది. ఒక కవరుకి ఒక మూల చిరిగి ఉంది, ఇంకోదానికి రెండు మూలలు చిరిగి ఉన్నాయి. ఎలకలు కొట్టాయనుకుని పారేయబోతే అత్తగారు గభాలున చెయ్యి పట్టుకుంది. ఒక మూలైతే పొద్దునది, రెండు మూలలైతే రాత్రిది. చింపింది ఆవిడే. అలా గుట్టు బయటపడింది. మా వాడికి తెలియనివ్వనని మాటివ్వు అంది. కోడలు మాటిచ్చింది.

ఆ చింపిన మూలల్లోంచే ఈ కవర్లు పుట్టాయి. పగలంతా ఆఫీసులో సబ్బుపెట్టెలకీ బిస్కెట్ పొట్లాలకీ డిజైన్లు చేసి, ఇంటికొచ్చి ఈ బొమ్మలు పట్టుకుని కూర్చునేది కోడలు. ఆసుపత్రి చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. చివరికి వాళ్ళు సరేనన్నారు. ఇదివరకు ఆ కిటికీ దగ్గర ఏది ఎప్పుడన్నారు బాబూ అని రెండోసారి అడిగినవాళ్ళు విసుర్లు తినేవాళ్ళు. మూడోసారి అడగడానికి సిగ్గుపడి, తోచినట్టు మింగేవాళ్ళు. ఇప్పుడు కవరు చూసుకుని తలెత్తుకుని వెళ్ళిపోతున్నారు. రెండు గీతలూ ఒక సున్నా మనిషికి ఇంత మర్యాద తెచ్చిపెడతాయని ఆమెకి అంతకుముందు తెలియదు. గర్వపడింది కూడా. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది. చింపిన మూలలు అత్తగారిని ఏనాడూ పడెయ్యలేదు. పడేసింది తన బొమ్మే.

ఆసుపత్రిలో ఉండగా అడిగితే ఆవిడ తేలిగ్గా చెప్పేసింది, సగం పొద్దంటే నాకు మిల్లు కూతే కదే అని.

నూలు మిల్లులో ఆవిడ చేసినన్నాళ్ళూ రాత్రి డ్యూటీయే. పగలు పిల్లల్ని చూసుకోవాలి కదా. పొద్దు గుంకుతుండగా కూత పెట్టేవాళ్ళు. ఇళ్ళ మీద ఆనిన సగం సూర్యుణ్ణి చూసుకుంటూ గేటు దాటేది. పొద్దు పొడిచే వేళకి కిటికీలు మూసిన షెడ్డులో తెగిన దారాలు అతుకుతూ ఉండేది. బయటపడేసరికి బారెడు పొద్దెక్కేది. గీత మీద సగం సూర్యుణ్ణి చూపిస్తే ఆవిడకి సాయంత్రం కాక ఇంకేం కనిపిస్తుంది?

ఆ బొమ్మ గీసి కోడలు మొదట చూపించింది ఆవిడకే. బాగుందా అత్తయ్యా అని అడిగింది. ముద్దొస్తోందే అంది ఆవిడ. బాగుందా అని అడగకూడదు, ఇది ఏ వేళ అని అడగాలి. బొమ్మలేసి బతికేవాళ్ళకి పనిలో చేరిన మొదటి రోజునే నేర్పే పాఠమిది. కిటికీ దగ్గర ముక్కూ మొహం తెలియని వాళ్ళని ఆపి మరీ అడిగింది. ఇంట్లో మనిషిని మాత్రం అడగలేదు. అడిగితే ఆవిడకి పరీక్ష పెట్టినట్టు ఉంటుందని మొహమాటపడింది.

“ఇంక నావల్ల కాదత్తయ్యా,” అంది కోడలు. “రేపు డాక్టరమ్మకి నిజం చెప్పేస్తాను. మీ బుర్ర నిక్షేపంలా ఉందని తెలిస్తే ఎక్కడికీ పంపరు.”

“చెప్పవు.”

“మరి మిమ్మల్ని తీసుకుపోతారే.”

“పోనీ. ముసలితనంలో మతి ఎవరికైనా పోతుంది. జాలిపడతారు. అందులో సిగ్గేముంది? చదువు రాదని తెలిస్తే వాడు… నలుగురిలో నిలబడి మా అమ్మే నా పంతులమ్మ అంటాడే వాడు. నేను ముందు వరసలో కూర్చుని వింటానే. అది కూడా లాగేసుకుంటావా?”

కోడలు ఆవిడ కాళ్ళ మీది దుప్పటి సర్దింది.

“పిచ్చిదాన్ననుకోనీ పిల్లా,” అంది అత్తగారు మెల్లిగా. “మాటిచ్చావు.”

కోడలు టీ గ్లాసు తీసుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి చూస్తే ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోలేదని ఇద్దరికీ తెలుసు.

*

దూది అయిపోయిందని చెప్పి కోడలు ఆసుపత్రికి బయల్దేరింది. దూది ఇంట్లో బోలెడుంది. కనీసం ఆ కవర్లయినా ఆపించకపోతే అన్నం సహించదనిపించింది ఆమెకి.

మందుల కిటికీ వెనక ఫార్మసిస్టు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని మాత్రలు లెక్కపెడుతున్నాడు. ఆమెని చూడగానే మొహం చాటంత చేసుకున్నాడు. మీ బొమ్మల పుణ్యమా అని గొంతు అరవడం తప్పిందమ్మా అన్నాడు. పొరుగూరి ఆసుపత్రివాళ్ళు కూడా ఈ కవర్లే కావాలంటున్నారట, ఇంకా బోలెడు అచ్చేయిస్తున్నారట.

సగం సూర్యుడి కవర్లు ఆపెయ్యమని ఆమె అడిగింది. ఆయనకి అర్థం కాలేదు. ఎందుకన్నాడు, ఏమైందన్నాడు. ఎవరో తప్పు వేళకి మింగారని చెప్పింది. ఎవరని అడిగాడు. మా అత్తగారని అనబోయి, మాటిచ్చిన సంగతి గుర్తొచ్చి, మా వీధిలో ఒకావిడ అంది. ఆ చిన్న అబద్ధానికే చెవులు వేడెక్కాయి.

“బొమ్మ కింద రాసుంది కదమ్మా,” అన్నాడాయన.

“చదవగలిగినవాళ్ళకి బొమ్మ ఎందుకండీ?”

ఆయన నవ్వేసి, ఒక్కరి కోసం అందరికీ పనికొచ్చేదాన్ని ఆపుతామా అన్నాడు. ఆ ముసలావిడకి మతి స్థిమితం లేదేమో కనుక్కోండి అని సలహా కూడా ఇచ్చాడు. పాపం, చెడ్డవాడు కాదు. ఆ మాట సూదిలా ఎక్కడ దిగిందో ఆయనకి తెలియదు.

అప్పుడే రాత్రి డ్యూటీకి వచ్చిన గేటు కాపలావాడు, చెట్టంత మనిషి, కిటికీకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. కోడలు ఒక ఖాళీ కవరు అతనికి చూపించింది. బాగుందా అని అడగలేదు. ఇది ఏ వేళ అని అడిగింది.

“ఇదా?” అని అతను కవరుని దూరంగా పట్టుకుని చూశాడు. “ఇప్పుడే కదమ్మా. డ్యూటీ ఎక్కే వేళ. మా ఆవిడ సణుగుడు మొదలయ్యే వేళ.”

అతని నవ్వు అయిపోయేదాకా ఫార్మసిస్టు కదల్లేదు. తరవాత సగం సూర్యుడి కవర్ల కట్ట తీసి బల్ల కిందికి తోసేశాడు. ఇంకో బొమ్మ వచ్చేదాకా పొద్దున మాత్రలకి నోటితోనే చెప్తానన్నాడు. ఏం బొమ్మ వేస్తారని అడిగాడు. పక్క మీంచి లేస్తున్న మనిషిని వేస్తానంది ఆమె. ఆకాశాన్ని ఒక్కొక్కరు ఒక్కోలా చూస్తారు కానీ నిద్రలేవడం అందరికీ ఒకటే అని చెప్పింది. ఆమె బొమ్మల్లో అంతకంటే మంచిది ఇంతవరకూ లేదు, ఆ సంగతి ఆమెకీ తెలుసు. అయినా మనసు చల్లబడలేదు. ఊళ్ళో ఇంకెవరూ పడిపోరు. పడిపోయిన మనిషి మాత్రం రేపు ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది, అదీ పిచ్చిదన్న పేరుతో.

*

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. మంచం పక్కన కుర్చీ లాక్కుని, అత్తగారి చెయ్యి తన చేతిలోకి తీసుకుని, ఊరికే కొన్ని కబుర్లు చెప్పుకుందాం అమ్మా అంది. ఆడపడుచు కాళ్ళ దగ్గర, మాస్టారు తల దగ్గర నిలబడ్డారు. కోడలు గోడకి ఆనుకుని నిలబడింది.

ఇది ఏ నెలమ్మా అని అడిగింది డాక్టరమ్మ. ఏమో తల్లీ అంది అత్తగారు. పాలవాడు ఏ నెలలో ఎన్నాళ్ళు నాగా పెట్టాడో గుక్క తిప్పుకోకుండా ఒప్పజెప్పే మనిషి. ఈ ఇల్లు ఎక్కడుందని అడిగితే మిల్లు వెనక క్వార్టర్లలో అంది. ఆ క్వార్టర్లు పడగొట్టి చాలా కాలమైంది. గొడుగు, తాళంచెవి, బండి, ఈ మూడు మాటలూ గుర్తుపెట్టుకోండి అని చెప్పి, కాసేపాగి అవేంటని అడిగితే, ఏ మాటలు అంది. మాస్టారు కిటికీ వైపు తిరిగిపోయారు.

“మీకు పిల్లలెంతమందమ్మా?”

అత్తగారు ఒక్క క్షణం ఆలోచించింది. “ఒక్కడే,” అంది. “కొడుకు.”

ఆడపడుచు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్ళూ ఇల్లెగిరిపోయేలా అరిచిన మనిషి గొంతులోంచి చిన్న శబ్దం కూడా రాలేదు. మంచం పట్టె మీద కూలబడింది.

అత్తగారి కళ్ళు ఒక్కసారి కోడలి మీద వాలి తప్పుకున్నాయి. అప్పుడర్థమైంది కోడలికి. ఆవిడ కావాలనే అన్నీ తప్పు చెప్తోంది. కన్నకూతుర్ని లేదనాల్సి వచ్చినా మానలేదు. చదవలేని సంగతి ఆ తప్పుల్లో కలిసిపోవాలి, అంతే.

డాక్టరమ్మ ఒక కాగితం తీసింది. పెద్ద అక్షరాలతో ఒకే ఒక్క ముక్క రాసి ఉంది. ఇది చదివి, అందులో ఏముందో అలా చెయ్యండమ్మా అంది.

మాస్టారు చటుక్కున ఇటు తిరిగారు. ఆ మొహంలో ఆశ చూస్తే కోడలికి భయమేసింది. ఇది చేస్తుంది డాక్టరుగారూ, మా అమ్మ చదువుతుంది అన్నారాయన. గూట్లోంచి కళ్ళజోడు తెచ్చారు, చొక్కా అంచుతో తుడిచారు, పసిబిడ్డకి పెట్టినట్టు తల్లి ముక్కు మీద పెట్టారు. ఇక కళ్ళజోడు మర్చిపోయానని అనడానికి లేదు.

అత్తగారు కాగితం పట్టుకుంది. చూసింది. ఇంకా చూసింది.

“మొదటిది ‘క’ అమ్మా,” అన్నారు మాస్టారు వంగి. బళ్ళో చిన్నపిల్లల దగ్గర వాడే గొంతు అది. “క… తరవాత…”

ఆవిడ పెదవులు కదిపింది. ఏ శబ్దమూ రాలేదు. కళ్ళజోడు కిందనుంచి నీళ్ళు కారి కాగితం మీద పడ్డాయి. ఆయన ఇంకా “క… క…” అంటూనే ఉన్నారు.

“ఆపండి,” అంది కోడలు. “ఆవిడ బుర్ర బాగానే ఉంది. ఆవిడకి చదవడం రాదు.”

ముందు తేరుకున్నది ఆడపడుచే. ఏం మాట్లాడుతున్నావే నువ్వు అంది. కోడలు అన్నీ చెప్పేసింది. చింపిన మూలలు, మిల్లు కూత, సగం సూర్యుడు, తను అడగని ప్రశ్న. బొమ్మదే తప్పు, గీసిన నాదే తప్పు అంది. చెప్తున్నంతసేపూ అత్తగారి వైపు చూడలేకపోయింది.

“అబద్ధం,” అన్నారు మాస్టారు. “నేను చదువుతుంటే పక్కన కూర్చునేది. ఎక్కడ తప్పు పోయినా పట్టేసేది. మళ్ళీ చదువు అనేది. చదువు రాని మనిషికి ఎలా…” తల్లి వైపు తిరిగారు. “అమ్మా?”

అత్తగారు కళ్ళజోడు తీసి దుప్పటి మీద పెట్టింది.

“తప్పు చదివేటప్పుడు నీ గొంతు సన్నబడేది నాన్నా,” అంది. “అది విని చెప్పేదాన్ని.”

డాక్టరమ్మే తేరుకుని, మొదటినుంచి మళ్ళీ అడగనా అమ్మా అంది. అడిగింది. అత్తగారు నెల చెప్పింది, తేదీ కూడా చెప్పింది. ఇల్లెక్కడుందో వీధితో సహా చెప్పింది. గొడుగు, తాళంచెవి, బండి అని వరస తప్పకుండా చెప్పింది. పిల్లలిద్దరు, పెద్దది ఆడపిల్ల, అదిగో ఏడుస్తోంది అంది. ఆడపడుచు తల్లి కాళ్ళు రెండూ గుండెలకి హత్తుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఏ ఆశ్రమమూ వద్దు, ఆయా దొరికేదాకా నేనే ఉంటాను, మిషను తుప్పుపట్టనీ అంది.

డాక్టరమ్మ కాగితాలు సంచిలో పెట్టేసుకుంది. ఆవిడ బుర్ర నాకంటే బాగుంది అంది నవ్వుతూ. కోడలికి అప్పుడు మళ్ళీ ఊపిరాడింది. మాట తప్పింది, నిజమే. కానీ మనిషి ఇంట్లో ఉంటుంది. కొన్నాళ్ళు మాట్లాడదు, కోప్పడుతుంది, తరవాత ఎప్పుడో ఒకరోజు టీలో పంచదార ఎక్కువైందని తిడుతుంది. అంతవరకూ ఓపిక పట్టగలననుకుంది.

మాస్టారు మంచం పక్కన నేల మీద చతికిలబడ్డారు. ఆయన మొహంలో కోపం లేదు. తల్లి రెండు చేతులూ పట్టుకుని కళ్ళకి అద్దుకున్నారు. దానికే ఇన్నేళ్ళు ఇంత నరకం పడ్డావా అన్నారు. ఆయన ప్రేమలో ఎవరూ వంక పెట్టలేరు. అదే ప్రేమతో, తెలిసిన పని ఒక్కటే కాబట్టి, అన్నారు:

“పోనీలే అమ్మా, ఇప్పుడేం మించిపోయింది? నేను నేర్పుతాను. రేపటినుంచే మొదలుపెడదాం. పలక తెస్తాను.”

అత్తగారు కొడుకు మొహంలోకి చూసింది. అంతవరకూ ఆ మొహంలో ఆవిడ ఎప్పుడూ చూడనిది ఏదో కనిపించినట్టుంది. బళ్ళో వెనకబడ్డ పిల్లల్ని చూసేటప్పుడు మాస్టారి మొహం అలాగే ఉంటుంది, మెత్తగా, ఓపికగా. ఆవిడ నెమ్మదిగా చేతులు వెనక్కి లాక్కుంది.

“డాక్టరమ్మా,” అంది. “బుర్ర బాగున్నవాళ్ళని ఆ ఆశ్రమంలో చేర్చుకోరా?”

డాక్టరమ్మ సంచి చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అమ్మా, నేనేమన్నానమ్మా అన్నారు మాస్టారు. ఆయనకి నిజంగానే తెలియదు. కోడలు మంచినీళ్ళ గ్లాసు తీసుకుని గబగబా దగ్గరికి వెళ్ళింది. అత్తగారు గ్లాసు అందుకోలేదు. చూపు కోడలిని దాటించి, కాళ్ళ దగ్గరున్న కూతురి వైపు చూసింది.

“నా బట్టలు సర్దవే,” అంది.